భారము లేనిచోట దేహరక్షణము



ఓబులదేవరచెరువులో అంతరిక్షయానమును గూర్చి ప్రసంగమేల యని కొందఱు నవ్వవచ్చును. కాని జొన్నచేలలో పిట్టలను తోలు వడిసెల నెఱుగనివా రీ సభలో నుండరు. త్రిప్పుచున్నంతసేపు వడిసెలలోని రాయి జారిపడదు. దానినే నొక్కిపట్టి యుండును. ఆ ఒత్తిడియే నేటి మా విషయము.

దేహపు బరువును మోయుటయే మన యెముకలకు నిత్యవ్యాయామము. అంతరిక్షనౌక భూమివైపునకు పడుచునే భూమిచుట్టు తిరుగుచుండును. అందలి మనుష్యుడును దానితోకూడ పడుచుండుటచే బరువు తెలియదు. కట్టివేసి మేపిన యెద్దు కాడి నోపనట్లు, మోయు పనిలేని యెముక చెడును. తగిన వ్యాయామము లేనిచో తుంటియెముక సారము నెలకు నూటికి ఒకటి, ఒకటిన్నర పాళ్లు తఱుగునని లెక్కించిరి. ద్రవములు తలవైపునకు జరుగును. కొందఱికి కంటినరము ఉబ్బి చూపు మారును.

హైదరాబాదున చదువుకొనిన రాకేశ్ శర్మ 1984 ఏప్రిలులో సల్యూత్-7 నందు యోగాసనములను పరీక్షించెను. హైదరాబాదునుండి అమెరికా కేగిన తండ్రికి పుట్టిన రాజా చారి 2021 నవంబరు మొదలు 2022 మే వఱకు అంతర్జాతీయ కేంద్రమున నివసించెను. అచటివారికి దినమునకు రెండు గంటలు వ్యాయామమునకే సరిపోవును. ఎముకల నష్ట మందుచే చాల తగ్గినది, నిజమే. కంటిజబ్బునకు మాత్ర మది మందు కాలేదు. ఆఱునెలలకు పైగా పయనించి అంగారకునిపై దిగినవాడు తూలిపడినచో, ఎత్తి పట్టుకొనుట కచట నెవరుందురు?

కావున వడిసెలను తలపవలయును. నౌకనే త్రిప్పినచో వెలుపలిగోడయే లోపలివారికి నేల యగును. 1966లో జెమినై-11 యాత్రికులు తమ నౌకను మఱియొక నౌకకు త్రాటితో గట్టి త్రిప్పిరి. పుట్టిన భారము వారికి తెలియనంత స్వల్పము. 2016లో జపానువారు అంతర్జాతీయ కేంద్రమున చుంచెలుకలను 35 దినములుంచి చూచిరి. చక్రములో తిరిగి భూభారమును పొందినవాని యెముకలు, కండరములు నిలిచెను, తిరుగనివానివి క్షీణించెను.

చిక్కు కొలతలో నున్నది. నిమిషమునకు రెండు చుట్లతో భూభారము పుట్టవలెనన్న, చక్రమధ్యమునుండి నేలకు 224 మీటర్లుండవలె. చక్రము చిన్నదైన వేగము హెచ్చవలె. వేగము హెచ్చిన, తల కదల్చినంతనే కడుపులో త్రిప్పును. అంతటి మేడను మిన్నున కట్టుమని మేమనము.

మన ప్రభుత్వము 2035 నాటికి భారతీయ అంతరిక్షకేంద్రమును నిలుప సంకల్పించినది. దేహరక్షణకు భూభారములో నెన్నవపాలు చాలునో, చంద్రునియందలి ఆఱవపాలు చాలునో చాలదో ఏ దేశమువారును ఇంకను తేల్చలేదు. ఇతరులు తేల్చిన పిదప వారి గ్రంథములు చదువుకొందమను ఓపిక మాకు లేదు. మన కేంద్రపు తొలిభాగములలోనే ఒక చిన్న చక్రమునకు చోటీయవలయును: మొదట ఎలుకలకు, పిదప దినమున కొంతసేపు మనుష్యులకు.