ఆ మాత్ర అసలు ఎవరిది?

2020 మార్చి గుర్తుందా? హైడ్రాక్సీక్లోరోక్విన్ పేరు ఊరూరా మారుమోగింది. కరోనాకు పనిచేస్తుందేమోనని జనం మందుల షాపుల మీద పడ్డారు. అవసరం లేనివాళ్లూ అట్టలకు అట్టలు కొని దాచుకున్నారు.

మరి ఆ మాత్ర అసలు ఎవరిది? లూపస్ ఉన్నవాళ్లది. రుమటాయిడ్ కీళ్లవాతం ఉన్నవాళ్లది. మన రోగనిరోధక శక్తే మన ఒంటిమీద తిరగబడే జబ్బులివి. మాత్ర మానేస్తే మళ్లీ విజృంభిస్తాయి. ఆ రోజుల్లో వీళ్లు షాపుకెళ్తే "స్టాకు లేదమ్మా" అన్నారు. ఆసుపత్రికెళ్దామంటే లాక్‌డౌన్. డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదని ప్రభుత్వం కట్టడి చేసింది. మంచిపనే, కానీ అప్పటికే చాలాచోట్ల అరలు ఖాళీ! తీరా పెద్ద పరీక్షల్లో తేలిందేమిటి? ఆసుపత్రిలో చేరిన కరోనా రోగులకు దానివల్ల మేలు లేదని.

ఈ జబ్బులున్నవాళ్లలో ఇంకొందరు భయపడి మందులు తామే మానేశారు. రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు కదా, కరోనా ముదురుతుందేమోనని. ఆ భయం అర్థమవుతుంది. కానీ డాక్టరును అడగకుండా మందు ఆపొద్దు. మళ్లీ చెబుతున్నా, అడగకుండా ఆపొద్దు. స్టెరాయిడ్ అయితే ఉన్నట్టుండి ఆపడం మరీ ప్రమాదం.

చీటీ ఫొటో ఫోనులో ఉంచుకోండి. మాత్రలు అయిపోకముందే తెచ్చుకోండి. హైడ్రాక్సీక్లోరోక్విన్ ఏళ్లతరబడి వాడుతున్నారా? కంటి పరీక్ష వాయిదా పడివుంటే చేయించుకోండి.