నూతన గృహము - స్మార్ట్ పరికరముల యెన్నిక



"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అను సామెత మనయందరి యనుభవములోనిదే. పూర్వము ఇల్లు కట్టించువాడు ఆయము చూపించుకొని, శంకుస్థాపనము చేయించి, రాతికిని కలపకును సున్నమునకును తగిన మనుష్యులను కుదుర్చుకొన్నచో సగము భారము తీరెడిది. ఇప్పుడు మరియొక చింత తోడైనది. హైదరాబాదులోనో బెంగుళూరులోనో అమెరికాలోనో ఉద్యోగము చేయుచున్న కుమారుడు ధనముతోపాటు ఒక పట్టికను గూడ పంపుచున్నాడు. అందు స్మార్ట్ స్విచ్చులు, స్మార్ట్ తాళము, కెమేరాలు, మాట వినెడు స్పీకరు అని వ్రాసియుండును. ఆ పట్టికను చేతబట్టుకొని మా యరుగు మీదికి వచ్చి, "పంతులుగారూ, ఇందులో ఏది ఉంచవలెను, ఏది కొట్టివేయవలెను?" అని నన్నడిగినవారు ఈ రెండేండ్లలో పలువురు. నేను వ్యాకరణము చెప్పుకొని బ్రదికినవాడనే గాని విద్యుచ్ఛాస్త్రము చదివినవాడను కాను. అయినను తెలిసినవారి నడిగియు, మా యింటి మరమ్మతునందు దగ్గరనుండి చూచియు గ్రహించిన సంగతులను మీకు విన్నవించెదను.

స్మార్ట్ హోమ్ అనగా దీపము, పంకా, మోటారు, తాళము మొదలగువానిని సెల్‌ఫోనుచేత గాని, మాటచేత గాని, ముందుగా నిర్ణయించిన వేళనుబట్టి గాని నడపించు ఏర్పాటు. ఇది నిన్న పుట్టిన యూహ కాదు. 1975వ సంవత్సరమున స్కాట్లండులోని గ్లెన్‌రోథిస్ పట్టణమందలి యొక సంస్థవారు ఇంటి కరెంటు తీగలమీదుగనే సంకేతములు పంపి దీపములను నడపు ఎక్స్-10 అను పద్ధతిని కనిపెట్టిరి. నాటినుండి నేటివరకు పద్ధతులు మారుచునే యున్నవి. ఇదియే మనము మొదట గ్రహింపవలసిన విషయము. గోడ యేబది యేండ్లు నిలుచును. దానిలో నమర్చిన యంత్రము పదియేండ్లు నిలిచిన గొప్పయే. కావున గోడలో నుండిపోవుదానిని శ్రద్ధతో ముందు చేయించి, మార్చుకొనుటకు వీలైనదానిని తరువాత కొనుట బుద్ధిమంతుల పని.

గోడలో నుండిపోవునవి యేవి? ప్రతి స్విచ్చి పెట్టెకును న్యూట్రల్ తీగ వచ్చునట్లు చేయింపుడు. సాధారణమైన స్విచ్చికి ఫేజు తీగ యొక్కటి చాలును. స్మార్ట్ స్విచ్చిలోని యంత్రము నిత్యము మేలుకొని యుండవలెను గనుక దానికి న్యూట్రలు కూడ కావలయును. న్యూట్రలు లేకయే పనిచేయు స్విచ్చులు కలవు గాని, వానితో చిన్న ఎల్.ఇ.డి. దీపములు ఆర్పినను మిణుకుమిణుకు మనుట కద్దు. స్విచ్చి పెట్టె లోతుగా నుండవలెను. తీగలు పోవు గొట్టములలో కొంత ఖాళీ యుండవలెను. ఏమియు లేని గొట్టము నొకదానిని విడిగా వేయించిన మరియు మంచిది. రౌటరు ఇంటి నడుమ నుండునట్లు చోటు చూచి, అచ్చటినుండి మేడమీదికి ఒక నెట్టు తీగ వేయింపుడు; ఏలయనగా కాంక్రీటు స్లాబును లావైన గోడలును వైఫైని మింగివేయును. అన్నిటికంటె ముఖ్యము, మంచి ఎర్తింగును, 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు దారితప్పినను సరఫరాను తటాలున నిలిపివేయు ఆర్.సి.సి.బి.యును. ఇవి లేని యింట స్మార్ట్ తాళము బిగించుట పునాది లేని గోడకు రంగు వేయుటవంటిది. పాత యింటిని బాగుచేయించువారు గోడలు పగులగొట్టుటకు జంకుదురేని, ఉన్న స్విచ్చి వెనుక నమర్చు చిన్న రిలేలు కలవు. వానికిని ఆ పెట్టెలో చోటు, న్యూట్రలు ఉన్నవేమో ముందు చూపించుకొనవలయును.

ఇక పరికరముల భాష. మనలో ఒకరి భాష మరియొకరికి తెలియనిచో సంభాషణము సాగదు గదా! యంత్రములకును అంతియే. వైఫైతో మాటలాడునవి కొన్ని. ఇవి చౌక, కాని యన్నియు రౌటరుమీద భారము వేయును. జిగ్బీతో మాటలాడునవి కొన్ని. ఇవి ఒకదాని మాటను మరియొకటి యందుకొని ముందుకు పంపును, కాని వానికి హబ్ అను నొక మధ్యవర్తి కావలయును. కె.ఎన్.ఎక్స్. అనునది ఐరోపాలో పుట్టినది. ప్రత్యేకమైన తీగతో నడచును. దృఢమైనదే గాని ఖరీదు హెచ్చు, గోడలు లేచుచున్నప్పుడే వేయవలయును. వేర్వేరు కంపెనీల పరికరములు ఒకదానితోనొకటి మాటలాడవలెనని 2022 అక్టోబరులో మేటర్ అను ఉమ్మడి ప్రమాణము వెలువడినది. పెట్టెమీద ఆ గుర్తున్న సరకును కొన్నచో ఒక కంపెనీకే కట్టుబడవలసిన యవసరము తగ్గును.

భాషకంటె ముఖ్యమైన ప్రశ్న యొకటి కలదు: ఈ యంత్రముల బుద్ధి యెచ్చట నున్నది? మన యింటనే యున్నదా, లేక కంపెనీవారి దూరదేశపు కంప్యూటరులో నున్నదా? అమెరికాలో రివాల్వ్ అను హబ్బును అమ్మిన సంస్థను 2014లో నెస్ట్ కంపెనీవారు కొనిరి. 2016 మే నెలలో దాని సేవను మాన్పించిరి. కొన్నవారి యిండ్లలో ఆ పెట్టెలు చెడిపోకయే పనికిరానివయ్యెను. 2022 ఏప్రిలులో ఇన్‌స్టియాన్ కంపెనీవారి సర్వర్లు కొన్నవారికి ముందు చెప్పకయే ఆగిపోయెను. అటుపిమ్మట ఆ సంస్థను వాడుకరులే కొందరు కొని నిలువబెట్టుకొనిరి. కావున దుకాణములో బేరమాడకముందు ఒక పరీక్ష చేయింపుడు. "అయ్యా, నెట్టు తీగ ఊడదీయుడు. ఇప్పుడు దీపము వెలుగునా?" అని యడుగుడు. వెలిగినచో ముందుకు పొండు. వెలుగనిచో ఆ సరకును అచ్చటనే యుంచుడు. స్పీకరు కొనువారు మన యింటి తెలుగు మాట దానికి తెలియునో లేదో యింటి యిల్లాలిచేత దుకాణములోనే మాటలాడించి చూడవలయును.

చేతి స్విచ్చి మాట మరువరాదు. స్మార్ట్ బల్బు కొని పాత స్విచ్చి నట్లే యుంచినచో, ఇంటిలోని పెద్దవారు అలవాటుకొలది స్విచ్చి యార్పుదురు; అంతటితో బల్బునకు ప్రాణము పోవును, ఫోను పిలిచినను పలుకదు. అందుచేత పెద్దలున్న యింట బుద్ధిని బల్బులో గాక స్విచ్చి వెనుక నుంచుట మేలు. చేతితో నొక్కినను వెలుగును, ఫోనుతో చెప్పినను వెలుగును. కరెంటు పోయి వచ్చినపుడు పరికరము ఏ స్థితిలో నుండునో అడుగుడు. కొన్ని బల్బులు అర్ధరాత్రమున కరెంటు రాగానే తమంత తామే వెలిగి నిద్రాభంగము చేయును. తాళమైనచో తాళపుచెవితో వెలుపలినుండియు, వట్టి చేతితో లోపలినుండియు తెరచుకొనవలయును. అగ్నిప్రమాదవేళ సెల్‌ఫోను వెదకుకొను తీరిక యుండదు.

కొంత లెక్క చూతము. 1 వాటు సంవత్సరము పొడవున నడచినచో 8.76 యూనిట్లగును. మేలుకొని యుండుటకే ఒక్కొక్కటి 1 వాటు తినునట్టి పరికరములు 20 ఉన్నచో ఏటికి 175 యూనిట్లు. 75 వాట్ల పాత పంకాకు బదులు 30 వాట్ల బి.ఎల్.డి.సి. పంకాను దినమునకు పదిగంటలు త్రిప్పినచో ఏటికి 164 యూనిట్లు మిగులును. కరెంటు ఖర్చు తగ్గించుటయే యుద్దేశమైనచో ముందు పంకాలు మార్చుడు. ఆ పంకాలకు పాత రెగ్యులేటరు మాత్రము తగిలింపరాదు. నీళ్ల మోటారు బయలుదేరునపుడు నడచునప్పటికంటె ఎన్నో రెట్లు కరెంటు లాగును. దానిని చిన్న స్మార్ట్ స్విచ్చికి తగిలింపక, తగిన స్టార్టరు ద్వారా నడపింపవలయును.

ఇక కెమేరాల విషయము. మా గ్రామమున ఒక వృద్ధదంపతులు పాత యిల్లు బాగుచేయించుచుండిరి. అంతకు కొలదినెలల ముందు ఆ పెద్దాయన రాత్రివేళ స్నానాలగదికి పోవుచు జారిపడి, తెల్లవారువరకు లేవలేకపోయెను. పొరుగూరిలో శుభకార్యమునకు పోయిన యిల్లాలు మరునాడు వచ్చి చూచువరకు ఎవరికిని తెలియలేదు. విదేశమున నున్న కుమారుడు భయపడి, హాలులోను పడకగదిలోను కెమేరాలు పెట్టింపుమని పట్టుపట్టెను. తల్లి కంటతడి పెట్టుకొని, "పంతులుగారూ, నా యింట నేను చెంగు సరిచేసుకొనవలెనన్నా ఇకమీద గోడవంక చూచుకోవలెనా?" అని నన్నడిగినది. కుమారుడు ఫోనులో, "మాష్టారూ, మీరైనా చెప్పండి. మళ్ళీ పడితే?" అని యడిగెను. ఇద్దరి మాటయందును న్యాయము కలదు. భయము నిజమైనదే, మర్యాదయు నిజమైనదే.

తుదకు జరిగిన యేర్పాటిది. కెమేరా వీథి గుమ్మమునందు మాత్రము పెట్టిరి. మంచమునుండి స్నానాలగదివరకు అడుగు కదలగానే వెలుగు సన్నని దీపములు పెట్టించిరి. మంచమువద్దను, స్నానాలగదిలో నేలనుండి మూరెడెత్తునను ఒక్కొక్క మీట పెట్టించిరి. పడినవారు కూడ అందుకొని నొక్కవచ్చును. నొక్కినచో పొరుగింట గంట మ్రోగును, కుమారుని ఫోనుకు వార్త పోవును. వంటయింట బొమ్మ తీయక కదలికను మాత్రము కనిపెట్టు సెన్సారును ఉంచిరి. ఉదయము ఏడుగంటలలోపల కదలిక లేనిచో అదియు కుమారునికి తెలుపును. గ్యాసు వాసన పట్టు యంత్రమును నేలకు దగ్గరగా బిగించిరి. వంటగ్యాసు గాలికంటె బరువు గనుక క్రిందనే పేరుకొనును. తల్లి సమ్మతించినది, కుమారుడు ఊరడిల్లెను.

కెమేరా పెట్టువారు దానితో వచ్చిన పాస్‌వర్డును మొదటి దినముననే మార్చవలయును. 2016లో మిరాయ్ అను దుష్టప్రోగ్రాము కంపెనీవారు పెట్టిన పాస్‌వర్డులను మార్చని కెమేరాలలోను రౌటర్లలోను లక్షలకొలది జొరబడి, ఇంటర్‌నెట్టులో పెద్ద భాగమును స్తంభింపజేసెను. మన గుమ్మపు కెమేరా పరుల చేతి యాయుధము కారాదు.

తుదిమాట. పాస్‌వర్డులను, ఏ తీగ యేమూల పోవుచున్నదో చూపు పటమును, పని చేసినవాని ఫోను నంబరును కాగితముమీద వ్రాయించి ఇంటి దస్తావేజులతోపాటు భద్రపరచుడు. గోడకు పూత వేయకముందే తీగలను ఫోటోలు తీయించుడు. ఖాతా కుమారుని పేరుననే గాక ఇంట నుండువారి పేరున గూడ నుండవలెను. ఇంటిలో నివసించువాడే ఇంటికి యజమాని. కొడుకుల పట్టిక యెంత పొడవైనను, రాత్రి లేచినపుడు నాకు దేనివలన భయము, దేనివలన శ్రమ కలుగుచున్నదని మిమ్ము మీరు ప్రశ్నించుకొని, ఆ రెండిటిని తీర్చువానిని ముందు ఉంచుకొనుడు. తక్కినవానికి ఖాళీ గొట్టములు గోడలో నున్నవి గదా, తొందర లేదు.

సెలవు.