అందెల చప్పుడు ఆగినా...

(బదిలీ అయిన సిబ్బంది కోసం మా ప్రాంతీయ కార్యాలయంలో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

మీలో కొందరికి జగదల్‌పూర్, దంతెవాడ, బీజాపూర్ వైపు బదిలీ ఉత్తర్వులు అందాయి. ఇంట్లో ఈపాటికే బెంగ మొదలై ఉంటుంది. బస్తర్‌లో మూడేళ్లు పనిచేసి వచ్చినవాణ్ణి కనుక భయం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఆ నేల దశాబ్దాలపాటు రక్తపాతం చూసింది. అందుచేత అక్కడ భయపడాల్సిందేమీ లేదని నేను చెప్పను. భయంతో ఎలా బతకాలో మాత్రం అక్కడే నేర్చుకున్నాను.

బస్తర్‌తో మన చుట్టరికం పాతదే. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సేనల వశమైంది. ప్రతాపరుద్రుని తమ్ముడిగా చెప్పే అన్నమదేవుడు గోదావరి దాటి వచ్చి బస్తర్ రాజ్యం స్థాపించాడని అక్కడివారు చెబుతారు. "నువ్వు ముందు నడువు, నీ వెనకే వస్తాను. వెనక్కి మాత్రం తిరిగి చూడకు" అని అమ్మవారు అతనికి మాట ఇచ్చిందట. అందెల చప్పుడు వింటూ రాజు నడిచాడు. శంఖినీ, డంకినీ నదుల సంగమం దగ్గర ఆ చప్పుడు ఆగింది. రాజు గుండె జారి వెనక్కి తిరిగాడు. అమ్మవారు అక్కడే నిలిచిపోయింది. అదే నేటి దంతెవాడ దంతేశ్వరి ఆలయం. జగదల్‌పూర్‌కు సుమారు 80 కిలోమీటర్లు.

నిజానికి అమ్మవారు ఆగలేదు. ఇసుకలో పాదాలు కూరుకుని అందెలు మోగలేదు, అంతే. రాజు తన చెవిని నమ్మాడు గానీ ఆమె ఇచ్చిన మాటను నమ్మలేకపోయాడు. మన భయాలూ చాలావరకు ఇలాంటివే. ఇంటికి ఫోన్ కలవకపోతే సిగ్నల్ లేదనుకోము, ఏదో జరిగిందనుకుంటాం. కథలో మరో ముక్క కూడా ఉంది. వెనక్కి తిరిగాడని అమ్మవారు అతణ్ణి విడిచిపెట్టలేదు. అక్కడే కొలువై ఆ వంశానికి కులదైవమైంది. మన ధైర్యం సడలినచోట కూడా దైవం తోడుంటుందన్నమాట.

భగవద్గీత 16వ అధ్యాయంలో దైవీ గుణాల వరుస అభయంతోనే మొదలవుతుంది. అయితే 11వ అధ్యాయంలో దివ్యదృష్టి పొందిన అర్జునుడు విశ్వరూపం చూసి వణికిపోయాడు. తనకు తెలిసిన రూపం మళ్లీ కనిపించాకే కుదుటపడ్డాడు. ఆ మహారూపమూ, తన రథం పగ్గాలు పట్టినవాడూ ఒక్కరే. ఆ సంగతి గుర్తుపట్టడమే అసలైన చూపు అని నాకు అనిపిస్తుంది.

మా శాఖకు పింఛను కోసం ఒక ముసలమ్మ అడవి దారిన నడిచి వచ్చేది. పాస్‌బుక్కు గుడ్డలో చుట్టి కొంగున కట్టుకునేది. "ఒంటరిగా భయం వేయదా?" అని మా అటెండరు చేత హల్బీలో అడిగించాను. "మాయి ఉంది కదా" అని నవ్వింది. చేతిలో మాత్రం గట్టి కర్ర ఉండేది. పొద్దు వాలకముందే తిరుగుదారి పట్టేది. ఆమె భక్తిలో అజాగ్రత్త లేదు.

మనమూ అంతే. దేవుడున్నాడని స్ట్రాంగ్ రూమ్‌కు తాళం వేయకుండా ఉండము. రెండు తాళంచెవులు ఇద్దరి దగ్గర ఉంచుతాం. రోజూ నగదు లెక్క సరిచూస్తాం. చేయవలసింది చేశాక మాత్రం నిద్రపోవాలి. అక్కడినుంచి భారం ఆయనది. ఆ ముసలమ్మ తన డబ్బు ఏ పెట్టెలో ఉందో ఎన్నడూ చూడలేదు. అయినా మనల్ని నమ్మి హాయిగా ఇంటికి వెళ్లేది. మనం దైవాన్ని కనీసం అంతైనా నమ్మలేమా?

కాబట్టి మిత్రులారా, ధైర్యంగా వెళ్లండి. స్థానికులు, భద్రతా సిబ్బంది చెప్పే మాట వినండి. చీకటి పడ్డాక దారులు పట్టకండి. చేరిన వారంలోనే దంతేశ్వరి దర్శనం చేసుకోండి. ప్యాంటుతో లోపలికి రానివ్వరు, పంచె వెంట తీసుకెళ్లండి. వీలైతే మీ ఇంట్లోవాళ్లనూ ఒకసారి రప్పించి ఆ సంగమం చూపించండి. సగం బెంగ అక్కడే తీరుతుంది.