విద్యార్థికి సారథ్యము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదివిన యుపన్యాసము)



ఒక గ్రంథాలయము ఇరువదియైదేండ్లు నిలిచినదనగా, ఆ యూర చదువువారు ఇరువదియైదేండ్లు తరుగక నిలిచిరని యర్థము. బీరువాలలోని పుస్తకములను లెక్కించుట సులభము. ఏ పుస్తకము ఎవరి చేతికి పోయి యెన్నడు తిరిగి వచ్చినదో చిట్టా పుస్తకము చెప్పును. కాని ఆ పుస్తకము చదువరి మనస్సునకు చేరినదా లేదా, చేరినదానిని అతడు తన మాటలలో నాలుగు వాక్యములుగా వ్రాయగలడా లేడా యను లెక్క యే చిట్టాలోను ఉండదు. ఈ పర్వసమయమున మన గ్రంథాలయము విచారింపదగిన విషయ మదియే. కళాశాలలకు పోవు పల్లెబిడ్డలకు చదువుటయందును వ్రాయుటయందును తోడ్పడు ఏర్పాటొకటి కావలెను. అది యెట్లుండవలెను, ఎట్లుండరాదు అనునదే ఈ ప్రసంగ విషయము.

ముందుగా విద్యార్థి కష్టము నెఱుగవలెను. ఇబ్రహీంపట్నమునకు విజయవాడ పొరుగూరు వంటిది. అచ్చట 1937లో స్థాపితమై నేడు ప్రభుత్వ కళాశాలగా నున్న ఎస్.ఆర్.ఆర్., సి.వి.ఆర్. కళాశాల, 1953లో వెలసిన ఆంధ్ర లొయోలా కళాశాల, స్త్రీలకై 1962లో ఏర్పడిన మేరీస్ స్టెల్లా కళాశాల మున్నగునవి గలవు. పల్లె విద్యార్థులను పదవ తరగతి ముగియగానే చేర్చుకొని సాంకేతిక విద్య నేర్పుటకై 2008లో నూజివీటియందు ట్రిపుల్ ఐటీ నెలకొల్పబడినది. కావున కళాశాల దూరమను మాట ఈ ప్రాంతమున చెల్లదు. దూరమంతయు పుస్తకమునకును విద్యార్థికిని నడుమనే యున్నది.

ఉన్నత పాఠశాలలో అతడు జవాబులు వల్లించి యుత్తీర్ణుడగును. కళాశాలలో ముప్పది పుటల ప్రకరణము నిచ్చి దాని సారము వ్రాయుమందురు. 2021-22 విద్యాసంవత్సరము నుండి డిగ్రీలో క్రొత్తగా చేరువారికి ఆంగ్ల మాధ్యమముననే బోధనము జరుగవలెనని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము నిర్ణయించినది. తెలుగున చదివి వచ్చినవానికి దీనితో భారము రెండింతలైనది. విషయము క్రొత్త, భాషయు క్రొత్త. అతడు పుట చదువును. చివరకు వచ్చునప్పటికి మొదలు మఱచును. పరీక్షలో ప్రశ్నను కొంచెము మార్చి యడిగినను తాను వల్లించినదే వ్రాసి వచ్చును. ఒక పేపరు పోవును, తరువాత రెండు పోవును. సిగ్గుచేత అధ్యాపకుని అడుగడు. తుదకు తండ్రి నలుగురిలో, "మావాడికి చదువు అబ్బలేదండీ" అని చెప్పుకొని యేదో పనిలో పెట్టును. ఆడపిల్లయైనచో పెండ్లి మాటలు మొదలగును. పని చేసికొని బ్రదుకుటలో తక్కువ యేమియు లేదు. కాని యింటికి మొదటి పట్టభద్రుడు కావలసినవాడు, పేరా ఎట్లు వ్రాయవలెనో చూపువారు లేక చదువు మానుట ఆ యింటికే కాదు, ఊరికి కూడ నష్టము.

డెల్టా రైతులకు దీనిని విరివిగా చెప్ప బనిలేదు. బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తియైనది. 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చినది. 2015లో పట్టిసీమ యొద్ద ఎత్తిపోసిన గోదావరి నీరు వచ్చి ఇబ్రహీంపట్నము చెంతనే కృష్ణలో గలిసినది. రెండు మహానదుల నీరు కాలువ నిండ పారుచున్నను, పంటబోదె పూడిపోయినచో కాలువగట్టు ప్రక్కనున్న చేనే యెండును. కళాశాలలు పెద్ద కాలువలు. ఆ నీటిని ఒక్కొక్క చేనికి చేర్చు బోదె వంటిది ఇప్పుడు చెప్పబోవు తోడ్పాటు.

ఇట్టి తోడ్పాటును కోరుట చిన్నతనమని కొందరు తలంతురు. వారికి ఆదికవియే సమాధానము. 11వ శతాబ్దమున రాజరాజ నరేంద్రుని యాస్థానమున మహాభారతమును తెనిగింప బూనిన నన్నయభట్టు, ఆ కార్యమున నారాయణభట్టు తనకు తోడై నిలిచెనని గ్రంథాదియందే చెప్పుకొనెను. అతడు తన సహాధ్యాయుడనియు, భారతయుద్ధమున అర్జునునకు శ్రీకృష్ణుడు తోడైనట్లు తనకు తోడయ్యెననియు గౌరవించెను. దీనివలన ఆదికవి కీర్తికి వన్నె తరుగలేదు. నందంపూడిని రాజు నారాయణభట్టునకు అగ్రహారముగా నిచ్చిన శాసనమును రచించినవాడును నన్నయభట్టే. సాయము పొందినవాడు దానిని దాచుకొనలేదు. సాయము చేసినవాడు కావ్యమును తనదనలేదు.

ఈ పోలికలో రెండు ధర్మములు గలవు. తోడ్పడినవాడు సహాధ్యాయుడు, అనగా కూడ చదివినవాడు. మార్కులు వేయువాని యెదుట "తెలియదు" అనుటకు జంకు విద్యార్థి, ప్రక్కన కూర్చుండి చదువువాని యెదుట జంకడు. రెండవది సారథి ధర్మము. శ్రీకృష్ణుడు రథము నడపెను. అర్జునుడు విల్లు జారవిడిచి కూలబడినప్పుడు బోధించి నిలువబెట్టెను. బాణము వేయవలసినవాడు మాత్రము అర్జునుడే. భీష్ముని ధాటికి సైన్యము నలుగుచుండగా ఓర్పు నశించి శ్రీకృష్ణుడే రథము దిగి పరుగిడినప్పుడు, ఆయన పాదములు పట్టి వెనుకకు మరలించినవాడు కూడ అర్జునుడే. తన యుద్ధమును సారథి చేసిపెట్టుట తనకే తలవంపు అని అతడెఱుగును. ఈ యెఱుక విద్యార్థికి ఉండవలెను. ఈ నిగ్రహము తోడ్పడువానికి ఉండవలెను.

పరదేశములలో కళాశాలలు ఈ పనికై ప్రత్యేక కేంద్రములను ఏర్పరచినవి. అమెరికాలోని అయోవా, మిన్నెసోటా విశ్వవిద్యాలయములలో 1930 తరువాతి దశాబ్దముననే విద్యార్థి తన వ్రాతను తెచ్చుకొని పెద్దల ప్రక్కన కూర్చుండి దిద్దుకొను వ్రాతశాలలు వెలసినవి. పిమ్మట నెన్నియో కళాశాలలు దీనిని అనుసరించినవి. పలుచోట్ల పై తరగతి విద్యార్థులే క్రింది తరగతి వారికి తోడ్పడుదురు. వచ్చిన వ్యాసమును బాగుచేసి పంపుటకంటె వ్రాసిన మనిషిని మంచి రచయితగా చేయుటయే ఇట్టి కేంద్రముల పని యని స్టీఫెన్ నార్త్ అను ఆచార్యుడు 1984లో వాదించెను. సముద్రముల కావల పుట్టిన ఈ మాట మన సారథి ధర్మమునకు దూరము గాదు.

ఇక చదువుటయం దెట్లు తోడ్పడవలెనో చూతము. దీనికి పూర్వులు చూపిన మార్గమే చాలును. పదములను విడదీయుట, పదముల యర్థము చెప్పుట, సమాసమును విప్పుట, వాక్యమును అన్వయించుట, ఆక్షేపము తెచ్చి సమాధానము చెప్పుట అనునవి ఐదును వ్యాఖ్యానమునకు అంగములని సంప్రదాయము. కాళిదాస కావ్యములకు వ్యాఖ్యలు రచించి దేశమంతట విద్యార్థులకు దారి చూపిన కోలాచల మల్లినాథసూరి తెలుగువాడు. కావ్యమునకు పనికివచ్చిన ఆ పద్ధతి అర్థశాస్త్ర పాఠమునకును పనికివచ్చును. "ద్రవ్యోల్బణము" అను మాటను చూచి బెదరిన బాలునిచేత దానిని ద్రవ్యము, ఉల్బణము అని విడదీయింపవలెను. ఉల్బణమనగా మిక్కుటమగుట యని నిఘంటువులో అతనిచేతనే వెదకింపవలెను. చెలామణిలో డబ్బు మిక్కుటమై వస్తువులు చాలనప్పుడు ధరలు పెరుగునను సంగతి అప్పు డతనికి సంత లెక్కవలె తెలియును. "ధరలు పెరుగుటకు ఇదొక్కటే కారణమా?" అని యడిగినచో ఆక్షేపమును మొదలగును. ఒక్కొక్క పేరా ముగియగానే దాని సారమును ఒక్క తెలుగు వాక్యమున ప్రక్కన వ్రాయింపవలెను. పాఠము ఆంగ్లమున నున్నను భావము మొదట తల్లిభాషలో కుదిరిన పిమ్మటనే ఆంగ్లమున నిలుచును.

వ్రాయుటయందు చిక్కు మరియొక విధమైనది. న్యూయార్కు నగర విశ్వవిద్యాలయము 1970లో నగరమందలి ఉన్నత పాఠశాలలు ముగించిన వారికెల్ల తలుపులు తెరచినది. వచ్చినవారి వ్రాతలు చూచి అధ్యాపకులు పలువురు నిరాశపడిరి. అచ్చటి సిటీ కాలేజీలో బోధించిన మీనా షానెసీ యను విదుషి సుమారు 4,000 ప్రవేశ వ్యాసములను పరిశీలించి 1977లో ఒక గ్రంథము ప్రకటించెను. ఆ తప్పులు మందబుద్ధివలన కలిగినవి కావనియు, అలవాటు లేమివలనను, విద్యార్థి తనకు తోచిన నియమము నొకదానిని కల్పించుకొనుటవలనను కలిగినవనియు, కారణము వెదకినచో దొరకుననియు ఆమె నిరూపించెను.

మనవారి తప్పులకును కారణములు గలవు. తెలుగు వాక్యమున క్రియ తుదకు వచ్చును. ఆంగ్లమున కర్త వెంబడి వచ్చును. ఆంగ్లమున నామవాచకము ముందు నిలుచు "ఎ", "ది" అను చిన్నమాటలకు తెలుగున సాటి లేదు. కావున తెలుగు బాలుడు వానిని విడుచుట వింత గాదు. తెలుగు వ్రాతయందును ఉచ్చారణలో తేడా చెరిగిపోవుటచే "అర్థము"నకు "అర్ధము" వ్రాయువారు కొల్లలు. ఒక్క చుక్క తగ్గినంతనే అర్థము సగమగును! ఈ కారణమును చూపినచో బాలుడు నవ్వుకొని, మరల ఆ తప్పు చేయడు. కారణము చెప్పక పుటనంతయు ఎఱ్ఱసిరాతో నింపినచో అతడు వ్రాయుటయే మానును. కావున మొదట "ఏమి చెప్పదలచితివి?" అని యడుగవలెను. తరువాత దేని వెనుక ఏది రావలెనో చూడవలెను. ఆ పిమ్మట వాక్యము, కట్టకడపట అక్షరదోషము. గోడలు లేవకముందే సున్నము వేయువాడు లేడు గదా!

ఇది గ్రంథాలయమునకు మించిన పనియని యెవ్వరును అనుకొనరాదు. విజయవాడ రామమోహన గ్రంథాలయము 1911 నాటిది. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయముల తొలి మహాసభ బెజవాడలోనే జరిగినది. అయ్యంకి వెంకటరమణయ్యగారు ఆ యుద్యమమునకే జీవితము ధారపోసిరి. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణ కావలి యొడ్డున కాలువమీద పడవ గ్రంథాలయము నడిపించిరి. పుస్తకమును చదువరి కడకు తీసికొనిపోవలెనని వారి దీక్ష. 1982లో దేశమున మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము ఆంధ్రప్రదేశ్‌లోనే స్థాపింపబడినది. 1991లో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు పెట్టబడినది. బడిచదువు మధ్యలో ఆగినవారు కూడ అర్హతా పరీక్ష వ్రాసి డిగ్రీలో చేరుటకు అది దారి తీసినది. తెలుగున పాఠములు అచ్చువేసి యిచ్చుటయేగాక, కళాశాలలలో అధ్యయన కేంద్రములు తెరచి విద్యార్థులకు ముఖాముఖి సందేహములు తీర్చు తరగతులు నడిపినది. పుస్తక మిచ్చిన మాత్రమున చాలదు, ప్రక్కన మనిషి యుండవలెనని ఆ యేర్పాటు మనకు నేర్పుచున్నది.

అయితే ఒక హెచ్చరిక గలదు. సిద్ధముగా జవాబులు వ్రాసియుంచిన గైడులు అంగళ్లలో ఎప్పటినుండియో కలవు. 2022 చివర నుండి, అడిగినంతనే వ్యాసము వ్రాసి యిచ్చు కృత్రిమ మేధ యంత్రములు కూడ సెల్‌ఫోనులో అందరికిని అందినవి. కఠినపదమునకు అర్థ మడుగుటకును, తన వ్రాతలో లోపము తెలిసికొనుటకును వానిని వాడుట తప్పు గాదు. తన వ్యాసమును దానిచేతనే వ్రాయించుకొని పేరు మాత్రము తనది పెట్టుకొనువాడు విల్లును సారథి కిచ్చి రథములో నిదురించు యోధుడు. ఉద్యోగపు పరీక్షలోనో, ఊరి తరఫున అర్జీ వ్రాయవలసిన నాడో ఆ నిదుర చెడును. అప్పుడు చేతిలో విల్లుండదు.

కావున రజతోత్సవ స్మారకముగా ఈ గ్రంథాలయమున నొక "చదువు బల్ల" వేయుట యుచితము. దానికి క్రొత్త భవనము వలదు. ఒక పెద్ద బల్ల, ఎదురెదురుగా గాక ప్రక్కప్రక్కన వేసిన కుర్చీలు, రెండు నిఘంటువులు, మంచి దీపము చాలును. శనివారము సాయంకాలము, ఆదివారము ఉదయము రెండేసి గంటలు నడుపవచ్చును. ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయులును, డిగ్రీ ముగింపునకు వచ్చిన విద్యార్థులును వంతులవారీగా కూర్చుండవలెను. ఆడపిల్లలు నిస్సంకోచముగా వచ్చుటకు పగటివేళలో స్త్రీల తోడ్పాటును ఏర్పరుపవలెను. ఒక్కొక్కరికి అరగంట. రుసుము లేదు, మార్కులు లేవు. వచ్చినవాడు తాను వ్రాసినదానిని తానే బిగ్గరగా చదువవలెను. చెవి పట్టిన తప్పును కన్ను పట్టదు. పెన్సిలు ఎల్లప్పుడును విద్యార్థి చేతిలోనే యుండవలెను. ఈ యొక్క నియమము చెడినచో మిగిలినవన్నియు చెడును.

1984లో కరణీకములు రద్దగువరకు పల్లెలలో లెక్కలు నేర్చు కుర్రవాడు కరణము ప్రక్కన చాపపై కూర్చుండి అడంగలు వ్రాయుచునే నేర్చెడివాడు. పెద్దాయన వ్రాసిపెట్టినచో ఆ చేతికి లెక్క వచ్చియుండెడిది కాదు. ఆ చాపయే నేడు బల్లగా మారవలెను.

ఈ బల్లకును జమాఖర్చు లుండవలెను. ఎవరు వచ్చిరి, ఏమి తెచ్చిరి, మరుసటి వారమునకు ఏమి చేసికొని రావలెను అను మూడు గడుల పుస్తకము చాలును. ఏడాది గడచిన పిమ్మట, మానదలచిన చదువును ఎందరు మానక నిలిచిరో అందులో చూడవలెను. ఆ సంఖ్య ఒక్కటియైనను ఆ యేటి ఖర్చు వ్యర్థము గాదు.

గ్రామ పెద్దలు బల్లకును దీపమునకును సాయపడుదురు గాక! చదివినవారు వారమునకు రెండు గంటల కాలము నిత్తురు గాక! విద్యార్థులు సిగ్గు విడిచి తమ వ్రాతలతో రాగలరు గాక! స్వర్ణోత్సవ సంచిక వెలువడు నాటికి అందలి వ్యాసములను వ్రాయువారు ఈ బల్లయొద్ద పెన్సిలు పట్టినవారే కావలెను.