మా సుబేదారు చిన్నాయన
(పాఠశాల వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ముందువరుసలో కుడిచేతి కొననుండు కుర్చీ మీలో చాలమందికి గుర్తుండును. ఏటేటా అందు కూర్చుండి, పిల్లల నాటకములో రాజుగారి కిరీటము జారగానే సభనంతటిని నవ్వించిన వృద్ధుడు మా చిన్నాయన. ఆయనను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరగా, మా తోబుట్టువులందరి పక్షమున మాటాడుచున్నాము.

ఆయన పదునెనిమిదవ యేట హలసూరు చెరువు ప్రక్కనున్న మద్రాసు సాపర్ల కేంద్రములో చేరిరి. 1780లో పుట్టిన ఆ పటాలము వంతెనలు కట్టును, దారులు వేయును, శత్రువు పాతిన మందుపాతరలను తీయును. అందలి జవానులను సైన్యమంతయు ‘తంబీ’లని పిలుచును. “ఇంట్లో అన్నకు తమ్ముణ్ణి, పటాలంలో అందరికీ తంబీని. పెద్దరికం నా నొసట రాయలేదప్పా!” అని చిన్నాయన వాపోయెడివారు. సుబేదారుగా పదవీ విరమణ చేసిన పిమ్మటను ఆ మాట మానలేదు. ముళ్ళకంచెలను పేల్చు గొట్టమునకు లోకమంతట ‘బెంగుళూరు టార్పెడో’ యని పేరు గదా. 1912లో ఆ పటాలపు అధికారి మెక్లింటాక్ ఈ ఊరిలోనే దానిని కల్పించెను. “మన ఊరి పేరు అన్ని దేశాల్లోనూ పేలింది మా వల్లనే” అని పెండ్లి పందిళ్ళలో వియ్యాలవారిని పట్టుకొని చెప్పెడివారు. ఆ హాస్యమును మేము నూరుసార్లయినను వినియుందుము; నూరవసారియు నవ్వితిమి.

ఉగాదినాడు మా వాకిట ఒక ఆట జరిగెడిది. చిన్నాయన రెండు తెల్లనాడాలను నేలపై వంకరటింకరగా పరచి, పిల్లలను ఒక్కొక్కరినే కండ్లకు గంతలు కట్టి వాని నడుమ నడిపించెడివారు. కాలు నాడా దాటినచో “ఢాం!” అని ఇల్లదరునట్లు అరచెడివారు. దాటినవారికి శిక్ష యేమనగా, ఊరిలోని అవ్వకు తెలుగులో ఒక కార్డు వ్రాయవలెను. దాటనివారికి ఒక ఓళిగ అదనము. మేము ఓళిగలకంటె కార్డులే ఎక్కువ సంపాదించితిమి. అక్షరము తప్పినచో ఆయన కొట్టరు, తిట్టరు. ఆ తప్పుమాటనే పాటగా కట్టి వారము దినములు పాడెడివారు. దెబ్బలే నయమని మాకు తోచెడిది.

ఈ ఊరిలో పిల్లలకు కన్నడము వలయును, ఇంగ్లీషు వలయును, తెలుగేల యని అడుగు తల్లిదండ్రులు అప్పుడును ఉండిరి, ఇప్పుడును ఉన్నారు. మేమును ఒకప్పుడు అడిగినవారమే. ఆయన ఏనాడును వాదింపలేదు. “కార్డు రాయడానికప్పా” అని నవ్వి ఊరకుండెడివారు. అది హాస్యమనియే మేము తలచితిమి.

1999లో కార్గిల్ యుద్ధవార్తలను టీవీలో చూచుచుండగా, మాలో ఒకరు యుద్ధమెట్లుండునని ఆయనను అడిగిరి. ఆయన టీవీ ఆపిరి. ఆనాడు చెప్పినది మరల చెప్పలేదు.

1971 డిసెంబరు 15వ తేదీ రాత్రి, షకర్‌గఢ్ ప్రాంతమున బసంతర్ నది. శత్రువు పాతిన మందుపాతరల నడుమ ట్యాంకులకు దారి తీయు పని చిన్నాయన యుండిన 9వ ఇంజనీరు రెజిమెంటుది. ట్యాంకుల కొరకు పాతినవి సాధారణముగా మనిషి బరువునకు పేలవు. కాని వాని నడుమ మనుష్యుల కొరకు పాతిన చిన్నవి యుండును. చేతితో వెదకునప్పుడు సన్నని చువ్వను నేలలోనికి ఏటవాలుగా గుచ్చుచు సాగవలెను. నిలువుగా గుచ్చినచో పాతర నెత్తిన తగులును, ఏటవాలుగా నైన ప్రక్కన తగులును. తీసిన దారికి అంచులు తెలియుటకు తెల్లనాడా పరతురు. ఆ నాడా మాట వినగానే మేము ఒకరి మొగము నొకరు చూచుకొంటిమి. ఆ పోరులో వారి మేజరు విజయరతన్ చౌదరి ఫిరంగిగుండు తగిలి నేలకొరిగి, మరణానంతరము మహావీరచక్ర మందిరి. నది దాటిన ట్యాంకులలో ఒకదానిలో ఉండిన ఇరువదియొక్క యేండ్ల అరుణ్ ఖేతర్‌పాల్ మరునాడు ప్రాణములిచ్చి పరమవీరచక్రకు పాత్రుడయ్యెను. వీరిని దేశమెరుగును.

చిన్నాయన చెప్పినది మరియొకనిని గూర్చి. శ్రీకాకుళము వైపు పిల్లవాడు, చదువు రానివాడు. వాని తల్లికి ఉత్తరములు వ్రాసిపెట్టువారు చిన్నాయనయే. ఆమెకును చదువు రాదు; ఊరి బడిపంతులు వ్రాసిపెట్టెడివాడు. ఆ రాత్రి నాడాకు అవతల పేలిన పాతరకు ఆ పిల్లవాడు బలియయ్యెను. సైన్యము తంతి పంపెను. అటు పిమ్మట పది దినములకు, తంతి అందకమునుపే ఆమె వ్రాయించిన కార్డు 56 ఏ.పి.ఓ. చిరునామాకు వచ్చెను. చివరి పంక్తిలో, నీకు ఉత్తరములు వ్రాసిపెట్టు ఆ బాబు ఎవరో వానికి కూడ నా ఆశీర్వాదము, అని యుండెను.

దళములో తెలుగు చదువువారు మరి లేకపోవుటచే, ఆ కార్డు చిన్నాయన చేతికే వచ్చెను. మూడు రాత్రులు ఏమి వ్రాయుటయో తోచలేదట. పిదప వ్రాసిరి. ఆమె బ్రదికియున్నంత కాలము నెలకొకటి చొప్పున వ్రాసిరి. ఆ ఉత్తరములలో ఏమి యుండెడిదని మేమడుగగా, “అంతా హాస్యమేనప్పా. ఆయమ్మ నవ్వాలి కదా” అనిరి.

చిన్నాయన పోయిన తరువాతి ఉగాదికి, ఆయన నల్లని ఇనుపపెట్టెలో చుట్టచుట్టి యుంచిన నాడాలను తీసి వాకిట పరచితిమి. పిల్లలు గంతలు కట్టుకొని నడిచిరి. మా తమ్ముని చిన్నకూతురు నాలుగడుగులు వేసి నాడా దాటెను. ఢాం అనుటకు మాలో ఎవరికిని గొంతు రాలేదు. ఒక క్షణము చూచి ఆ పిల్లయే “ఢాం!” అని అరచి, గంతలు విప్పుకొని లోనికి పరుగెత్తెను. కొంతసేపటికి కార్డు చేతబట్టుకొని వచ్చి, ‘ఆశీర్వాదము’లో ‘శ’ ఏదో వ్రాసి చూపుమనెను.