మంచు కొండకి మూట కట్టేముందు

మా అబ్బాయి స్కీయింగ్ నేర్చుకుంటానని పట్టుపడితే పోయిన శీతాకాలం కాశ్మీరులోని గుల్‌మార్గ్ వెళ్ళాం. సుమారు 2,650 మీటర్ల ఎత్తున ఉన్న ఊరది. స్కీ పలకలు, బూట్లు, కర్రలు అక్కడే అద్దెకిస్తారు, వాటికోసం బెంగపడకండి. బెంగంతా ఒంటికి తగిలే బట్ట గురించే.

చలి కదా అని మావాడికి రెండు నూలు బనీన్లు తొడిగి, పైన లావుపాటి స్వెట్టరు వేశాను. మంచులో చెమటేమిటనుకున్నాను. పట్టింది! నూలు చెమట పీల్చుకుంటే ఓ పట్టాన ఆరదు. గంట తిరక్కుండా వాడు గడగడ వణికిపోయాడు. వేళ్ళు తెల్లగా పాలిపోయి మొద్దుబారాయి. మంచుతో రుద్దమని ఎవరో అన్నారు. నేర్పే ఆయన వద్దని కేకేసి, వాడి చేతులు వాడి చంకల్లోనే పెట్టించాడు. రుద్దితే చర్మం దెబ్బతింటుందిట. కాసేపటికి రంగు తిరిగింది గానీ, నా గుండెదడ రాత్రి దాకా తగ్గలేదు.

అందుకని లోపల ఉన్నిదో పాలియెస్టరుదో పల్చని బనీను, మీద స్వెట్టరు, ఆపైన నీళ్ళు దిగని కోటు. ఉన్ని మేజోళ్ళు ఒక్క జతే వేయండి. రెండు జతలు బిగిస్తే రక్తం ఆడక పాదాలు ఇంకా చల్లబడతాయి. తడిస్తే మార్చడానికి వేరే జతలు, గ్లవుజులు సంచిలో ఉండాలి. నల్లకళ్ళద్దాలు షోకు కాదండోయ్! ఎండలోని అతినీలలోహిత కిరణాల్ని కొత్తమంచు 80 శాతం దాకా తిప్పికొడుతుంది.

ఇక నేనా? చీరతోనే బయల్దేరాను. కుచ్చిళ్ళు తడిసి బిగుసుకుపోయాక మా అమ్మాయి ప్యాంటు అరువడిగాను.