గర్భాశయ శస్త్రచికిత్స: స్త్రీలు తెలిసికొనవలసిన విషయములు



అండమాన్ నికోబార్ దీవులలో తెలుగువారి సంఖ్య స్వల్పము కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారము ఇచటి ప్రజలలో నూటికి సుమారు 13 మందికి తెలుగు మాతృభాష. వారిలో పెక్కుమంది శ్రీకాకుళ ప్రాంతమునుండి సముద్రము దాటి వచ్చిన కుటుంబములవారు. భాషతోపాటు ఆచారములును, వానితోపాటు కొన్ని అపోహలును ఓడ యెక్కి వచ్చుట సహజమే. "పిల్లలు పుట్టిరి గదా, ఇక గర్భసంచి యెందులకు?" అను మాట అట్టి అపోహలలో నొకటి.

ఈ అపోహ ఫలితము అంకెలలో కనబడుచున్నది. 2015-16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, 15 నుండి 49 ఏండ్ల వయస్సు గల స్త్రీలలో గర్భాశయము తొలగింపబడినవారు దేశము మొత్తమున నూటికి 3.2 మంది కాగా, తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 మంది. దేశమున అదియే అత్యధికము. అనవసరపు శస్త్రచికిత్సలను అరికట్టుటకై కేంద్ర ప్రభుత్వము 2022లో రూపొందించిన మార్గదర్శక సూత్రములను రాష్ట్రములును, కేంద్రపాలిత ప్రాంతములును అమలుపరుపవలెనని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించినది. ఆ యాదేశము ఈ దీవులకును వర్తించును.

తెల్లబట్ట, నడుమునొప్పి, ముట్టు క్రమము తప్పుట, ఇవి మాత్రమే గర్భాశయమును తొలగించుటకు చాలిన కారణములు కావు. ఇంటిలో ఎలుకలున్నవని ఇల్లు తగులబెట్టుకొనువారు లేరు గదా! అధిక రక్తస్రావమునకు మందులు కలవు. గర్భాశయములో నుంచు హార్మోను సాధనము కలదు. రక్తహీనతకు ఇనుము కలదు. కొన్ని గడ్డలను మాత్రమే తీసివేసి సంచిని నిలుపవచ్చును. అయితే క్యాన్సర్ వచ్చినను, ఇతర చికిత్సలకు లొంగని రక్తస్రావమున్నను, పెద్ద గడ్డలు బాధించుచున్నను, సంచి జారినను శస్త్రచికిత్స అవసరము కావచ్చును. అట్టి యెడ భయపడి కాలయాపన చేయుటయు ప్రమాదమే.

పూర్వము ఈ చికిత్సకు పొట్టను పెద్దగా కోయుట పరిపాటి. అసలు పొట్టపై కోతయే లేకుండ యోనిమార్గమున తీయు పద్ధతి కూడ చిరకాలముగా కలదు. లాపరోస్కోపీ పద్ధతిని 1988లో అమెరికాలో హ్యారీ రీచ్ అను వైద్యుడు ప్రారంభించెను. ఇందు రోగికి పూర్తి మత్తు నిత్తురు. పొట్టపై సాధారణముగా మూడు నాలుగు చిన్న రంధ్రములు చేసి, బొగ్గుపులుసు వాయువుతో ఉదరమును ఉబ్బించి, సన్నని గొట్టపు కెమెరాతో లోపలి భాగములను తెరపై చూచుచు గర్భాశయమును వేరుచేసి, సాధారణముగా యోనిమార్గమున వెలికి తీయుదురు. రక్తనష్టము, నొప్పి తక్కువ; తరచుగా ఒకటి రెండు దినములలో ఇల్లు చేరవచ్చును. వాయువు కారణముగా కొన్నాళ్లు భుజము నొప్పి కలుగవచ్చును, దానికి భయపడనక్కరలేదు.

చిన్న కోత యనగా చిన్న చికిత్స యని భ్రమింపరాదు. లోపల తీసివేయు అవయవము ఒక్కటే. రక్తస్రావము, చీము పట్టుట, మూత్రాశయమునకు గాని మూత్రనాళమునకు గాని గాయమగుట, కాళ్లలో రక్తము గడ్డకట్టుట సంభవింపవచ్చును. అవసరమైనచో నడుమనే పెద్ద కోతకు మారుదురు. అది వైద్యుని వైఫల్యము కాదు, రోగి రక్షణకే. పెద్ద సంచిని లోపలనే ముక్కలు చేసి తీయుట వలన, దాగియున్న క్యాన్సర్ వ్యాపింపవచ్చునని 2014లో అమెరికా ఔషధ సంస్థ హెచ్చరించినది. కనుక తీయు విధానమును ముందే అడిగి తెలిసికొనవలెను.

అండాశయముల సంగతి వేరు. అవి ఆరోగ్యముగా నున్నచో, ముట్టుడుగని వయస్సున వానిని నిలుపుటయే సాధారణముగా మేలు. రెండును తీసివేసినచో ముట్టుడుగు లక్షణములు ఒక్కసారిగా మీదపడును; ఎముకలు గుల్లబారుట, గుండె జబ్బులు పెరుగును. గర్భాశయ ముఖద్వారమును నిలిపినచో క్యాన్సర్ పరీక్షలను మానరాదు.

ఇంటికి చేరిన పిమ్మట మెల్లగా నడచుట మంచిది. బిందెలు, బియ్యపు బస్తాలు ఎత్తుట, దాంపత్య సంబంధము ఆరు నుండి ఎనిమిది వారములు మానవలెను. లోపలి కుట్టు మానుటకు అంత కాలము పట్టును. పొట్టపై మచ్చలు చిన్నవిగా నున్నవని అత్తవారింటివారు మూడవనాడే పనికి పంపరాదు. జ్వరము, అధిక రక్తస్రావము, దుర్వాసన, పెరుగుచున్న కడుపునొప్పి, నీరువలె స్రావము, పిక్క వాపు, ఆయాసము కనబడినచో వెంటనే వైద్యుని చూడవలెను.

దీవులవారికి ఇందొక విశేషము కలదు. 2024లో శ్రీ విజయపురమని పేరు మార్చబడిన పోర్ట్ బ్లెయిర్‌లో గోవింద వల్లభ పంత్ వైద్యశాల, దానికి అనుబంధముగా వైద్య కళాశాల కలవు. కాని డిగ్లిపూర్, కాంప్‌బెల్ బే వంటి చోట్ల నివసించువారికి ఆ వైద్యశాల దూరము. ఓడ నడిసముద్రమున నున్నపుడు శస్త్రవైద్యుడు దొరకడు. విశాఖకో, చెన్నపట్నమునకో పోయి చికిత్స పొందువారు టిక్కెట్టు తేదీని బట్టి గాక, వైద్యుని యనుమతిని బట్టి తిరుగు ప్రయాణము నిర్ణయించుకొనవలెను. చికిత్స పత్రములను, గర్భాశయపు పరీక్ష నివేదికను వెంట తెచ్చుకొనుట మరువరాదు.

అంగీకార పత్రముపై సంతకము చేయుటకు ముందు ప్రతి స్త్రీయు ఈ ప్రశ్నలు అడుగవలెను: వ్యాధి యేమి? వేరు చికిత్స లేదా? ఏ పద్ధతి? అండాశయములు నిలుచునా? ఆ సంతకము భర్తది కాదు, అత్తగారిది కాదు, ఆమెది. దానికి ముందు తెలిసికొను హక్కును ఆమెదే.